లోన్ పెట్టి జర్మనీ పంపిస్తే మా అమ్మాయి పాత సామాన్లు ఏరుకుంటోంది!

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ చేసి, ఇప్పుడు జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్‌లో శిల్పకళ చదువుతోంది. వీడియో కాల్‌లో చూస్తే గది నిండా విరిగిన కుర్చీ కాళ్లు, సైకిల్ చక్రం, ఎవరో పారేసిన సూట్‌కేసు. రోడ్డు పక్కన దొరికాయట, వాటితోనే శిల్పం చేస్తుందట. లోన్ తీసుకుని పంపింది దీనికా అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ గదిలో మీకు కనిపించింది అమ్మాయి చదువేనండీ.

యోజెఫ్ ఆల్బర్స్ అని జర్మనీలో ఒక బడిపంతులు ఉండేవారు. 1920లో, 32 ఏళ్ల వయసులో, వైమార్ ఊళ్లోని బౌహౌస్ అనే కళా విద్యాలయంలో విద్యార్థిగా చేరారు. సామగ్రి కొనడానికి డబ్బుల్లేవు. వీపున సంచీ, చేతిలో సుత్తితో ఊరి చెత్తకుప్పకు వెళ్లి గాజు పెంకులు, సీసాల అడుగులు ఏరుకొచ్చేవారు. వాటిని బిగించి వెలుతురుకు ఎదురుగా పెడితే రంగులు వెలిగేవి. చివరికి ఆ విద్యాలయమే గాజు వర్క్‌షాపును ఆయనకు అప్పగించింది.

అంత వెనక్కి ఎందుకు, డ్యూసెల్డార్ఫ్‌లోనే చూడండి. టోనీ క్రాగ్ అనే బ్రిటిష్ శిల్పి 1978లో, ఏరిన ప్లాస్టిక్ ముక్కలను ఇంద్రధనుస్సు వరసలో నేలమీద పరిచి శిల్పం అన్నారు. 1988లో బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ ప్రైజ్ వచ్చింది. తర్వాత డ్యూసెల్డార్ఫ్ ఆర్ట్ అకాడమీకే రెక్టార్, అంటే అధిపతి అయ్యారు.

మీ ఊళ్లో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి అబ్బాయి ఇనప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు కదా. అక్కడ నట్లూ బోల్టులూ కలిసి ఒక మనిషి రూపంలోకి వస్తాయి. అమ్మాయి చేసేదాంట్లో కుర్చీ కుర్చీలాగే మిగలవచ్చు. అప్పుడు చూసేవాళ్లు, ఈ కుర్చీనే ఎందుకు తెచ్చావు, దీన్ని ఏం చేశావు అని అడుగుతారు. దానికి జవాబు లేకపోతే అది వట్టి సామాన్ల కుప్పే. కష్టమంతా అక్కడే ఉంది.

అందుకే మీరు కనుక్కోవలసింది వేరే ఉంది. వెల్డింగ్, వడ్రంగం, అచ్చులు పోయడం నేర్పే వర్క్‌షాపులకు వెళ్తోందా? నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. సొంత శిల్పాలు అమ్ముడుపోవడానికి ఏళ్లు పట్టవచ్చు, ఆ మాట దాచను. ఈలోగా నాటకాల సెట్లు కట్టడం, మ్యూజియంలో ప్రదర్శనలు అమర్చడం, పెద్ద శిల్పుల దగ్గర పని, ఇవన్నీ చేతిపని వచ్చినవాళ్లకే దొరుకుతాయి.

రెండు జాగ్రత్తలు చెప్పండి. ‘ఉచితంగా తీసుకోండి’ అని చీటీ పెట్టి ఇంటి ముందు ఉంచినవి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. మునిసిపాలిటీ బండి కోసం బయట పెట్టిన పెద్ద సామాన్ల విషయంలో ఒక్కో ఊరిది ఒక్కో రూలు, అడిగి తీసుకోవాలి. బ్యాటరీలు, పాత ఫ్రిజ్‌లు, పెచ్చులూడే పాత పెయింటు ఉన్నవి అసలు ముట్టుకోవద్దు. ఇంకోటి, శిల్పం అమ్మితే వచ్చే డబ్బు పార్ట్‌టైమ్ జీతం లాంటిది కాదు. స్టూడెంట్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు సొంతంగా సంపాదించాలంటే విదేశీయుల కార్యాలయం అనుమతి ముందే తీసుకోవాలి. చదువు అయ్యాక తగిన ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు అక్కడే ఉండనిస్తారు.

పోర్ట్‌ఫోలియో సంగతి కూడా. ఇలాంటి శిల్పాలను తెనాలి దాకా పంపాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, చాలామంది ప్రదర్శన కాగానే విప్పేస్తారు. మిగిలేది ఫొటోలే. వస్తువు దొరికిన చోట ఒకటి, పని సగంలో ఒకటి, పూర్తయ్యాక అన్ని వైపుల నుంచీ తీసి, తేదీ రాసి పెట్టుకోమనండి. ఏటా అకాడమీ తలుపులు జనానికి తెరిచే ‘రుండ్‌గాంగ్’ రోజుల్లో గ్యాలరీల వాళ్లు కూడా వస్తారు, అప్పుడు చేతిలో చూపించడానికి ఉండాలి.

ఈసారి కాల్ చేసినప్పుడు లోన్ మాట ఎత్తకండి. ఆ సూట్‌కేసు ఎక్కడ దొరికింది, తెరిస్తే లోపల ఏముంది అని అడగండి. సెలవులకు వచ్చినప్పుడు మీరే వెంటబెట్టుకుని తెనాలి తుక్కు శిల్పుల దగ్గరికి తీసుకెళ్లండి.