డ్రైవింగ్ టెస్ట్ మళ్ళీ పోయింది అక్కా!

"ఎగ్జామినర్ రెండోసారి కూడా ఫెయిల్ చేశాడక్కా. నలభై నిమిషాలూ లెఫ్టూ రైటూ తప్ప ఇంకో మాట లేదు. నన్ను చూడగానే ఫెయిల్ చేయాలని అనుకున్నట్టున్నాడు. అప్పీలు చేస్తాను" అని ఇంగ్లాండులోని స్లౌ నుంచి ఒక చెల్లెలు రాసింది. గుంటూరులో ఎనిమిదేళ్ళు కారు నడిపిన పిల్ల. ఆ ఉక్రోషం నాకు బాగా తెలుసు.

చెల్లెమ్మా, నేను నాలుగోసారికి గట్టెక్కాను. మా ఆయన మొదటిసారికే పాసయ్యారు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కథ ఇప్పటికీ చెబుతూనే ఉంటారు, నా ఎదురుగానే.

ముందు ఆ మౌనం సంగతి. నేను పాసయిన రోజు పక్కన కూర్చున్నావిడ కూడా అలాగే బిగదీసుకుని కూర్చుంది. మాట్లాడకపోతే ఫెయిల్ చేస్తున్నట్టు కాదు. ఈ దేశంలో టెస్టుకెళ్ళినవాళ్ళలో సగానికి కాస్త ఎక్కువమందే తప్పుతారు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళతో సహా.

ఇక ఎగ్జామినర్ తప్పులు రాసే షీట్. చిన్న తప్పులు, అంటే మైనర్లు, 15 దాకా ఫరవాలేదు, 16వది పడితే ఫెయిల్. కానీ సీరియస్ తప్పు ఒక్కటి చాలు, మిగతాదంతా పువ్వులా నడిపినా పోయినట్టే. నాకు మొదటిసారి మైనర్లు నాలుగే. ఎడమ పక్కన ఆపించి, మళ్ళీ బయల్దేరమన్నాడు. అద్దం చూశాను, ఇండికేటర్ వేశాను, క్లచ్ వదిలాను. కుడి భుజం మీదుగా మెడ తిప్పలేదు. కారు కదిలేసరికి నా తలుపు పక్కనే సైకిల్ మీద ఒక కుర్రాడు! బ్రేకు తొక్కింది నేను కాదు, ఎగ్జామినరే. "తగల్లేదు కదా, ఇంత చోటుంది కదా" అని ఇంటికొచ్చి ఏడుస్తూ వాదించాను. బెంజి సర్కిల్లో ఆ చోటులో రెండు ఆటోలు పడతాయి మరి. అక్కడ నేర్చుకున్న ఒడుపు ఇక్కడ లెక్కకు రాదు. నువ్వు చూశావా లేదా, అదొక్కటే లెక్క.

రెండోసారి గంటకు 20 మైళ్ళు దాటొద్దన్న బోర్డు గమనించకుండా 29లో పోయాను. దాని గురించి చెప్పుకోవడానికేం లేదు.

మూడోది మాత్రం వినాలి. ఇరుకు వీధి, రెండు వైపులా పార్క్ చేసిన కార్లు. ఎదురుగా తెల్ల వ్యాను హెడ్‌లైట్ కొట్టింది. మన దగ్గర లారీ డ్రైవరు లైటు కొట్టాడంటే "నేనొస్తున్నా, తప్పుకో" అని కదా. ఆగిపోయాను. అతనూ ఆగే ఉన్నాడు. మళ్ళీ కొట్టాడు. నేను ఇంకాస్త గట్టిగా ఆగాను! వెనక కారువాడు హారన్ కొట్టాడు, ఈ దేశంలో హారన్ వినిపించిందంటే నీ పరువు పోయినట్టే. అనవసరంగా తటపటాయించానని సీరియస్ పడింది. ఇక్కడి జనం "నువ్వు వెళ్ళు" అనడానికి లైటు కొడతారని ఆ రోజే తెలిసింది. తీరా ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ తెరిచి చూస్తే, లైటు కొట్టేది నేనున్నానని తెలపడానికే, ఇంకో అర్థంలో కొట్టకూడదని ఉంది. అంటే పుస్తకం ప్రకారం మన లారీ డ్రైవరే రైటు! ఆ ఒక్క మార్కు ఇప్పటికీ నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ నీకు చెప్పేది వేరు: లైటును నమ్మి వెళ్ళకు, లైటు చూసి ఆగనూ ఆగకు. అవతలి బండి నిజంగా ఆగిందా, దారి ఉందా అని చూసుకుని కదులు.

అప్పీలు చేస్తానన్నావు. చేసుకోవచ్చు, ఇంగ్లాండులో ఆరు నెలల్లోపు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్ళాలి. అయితే టెస్టు నిబంధనల ప్రకారం జరగలేదని రుజువు చేయాలి. గెలిచినా ఫెయిల్ పాస్‌గా మారదు, మహా అయితే ఇంకో టెస్టు ఉచితంగా ఇస్తారు. దానికి పెట్టే ఓపికతో నాలుగు క్లాసులు తీసుకోవచ్చు.

మళ్ళీ టెస్టు తీసుకోవాలంటే కనీసం పది పనిదినాలు ఆగాలి, కానీ అసలు ఆలస్యం తేదీ దొరకడంలోనే, నెలలు పడుతుంది. ఫీజు మామూలు రోజుల్లో 62 పౌండ్లు, సాయంత్రాలూ వారాంతాలూ అయితే 75. వాట్సాప్‌లో రెండు మూడు వందల పౌండ్లకు తేదీ ఇప్పిస్తామనేవాళ్ళ జోలికి పోకు. థియరీ పరీక్ష పాసయిన తేదీ కూడా చూసుకో, రెండేళ్ళు దాటితే మళ్ళీ రాయాలి. ఇండియా లైసెన్సు మీద నడపగలిగేది నువ్వు ఇక్కడికొచ్చి స్థిరపడ్డ పన్నెండు నెలల వరకే. ఆ తర్వాత ప్రొవిజనలే, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సే, కారుకు ఎల్ బోర్డు, పక్కన లైసెన్సు వచ్చి మూడేళ్ళయిన మనిషి. మీ ఆయనే పక్కన కూర్చుంటే ఆ సాయంత్రం వంట ఆయన చేతే చేయించు, నోరు కాస్త అదుపులో ఉంటుంది.

ఎగ్జామినర్ పక్షపాతం చూపాడన్న అనుమానం తీరాలంటే ఈసారి నీ ఇన్‌స్ట్రక్టర్‌ని వెనక సీట్లో కూర్చోమను. నోరు మెదపకూడదు గానీ, కూర్చోనిస్తారు. చాలామందికి ఈ సంగతి తెలియదు. నా నాలుగో టెస్టుకు మా పంజాబీ ఇన్‌స్ట్రక్టర్ అలాగే కూర్చున్నాడు. అంతా అయ్యాక "పదకొండు సార్లు మెడ తిప్పావు, లెక్కపెట్టాను" అన్నాడు.