పెద్దవాళ్ల యూరిన్ రిపోర్టులో బ్యాక్టీరియా కనిపిస్తే యాంటీబయాటిక్ వాడాల్సిందేనా?

మంట, జ్వరం, కొత్తగా మాటిమాటికీ మూత్రం రావడం లాంటి లక్షణాలేవీ లేకపోతే, రిపోర్టులో బ్యాక్టీరియా ఉన్నా దాదాపు ఎప్పుడూ యాంటీబయాటిక్ అక్కర్లేదు. వయసు మీదపడ్డాక చాలామందికి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిన మూత్రంలో బ్యాక్టీరియా ఏ హానీ చేయకుండా ఉండిపోతుంది. మందు వాడితే కొన్నాళ్లు పోయి మళ్లీ చేరుతుంది. ఈలోగా మందుకు లొంగేవి చచ్చి, లొంగనివి పెరుగుతాయి. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా కూడా పోయి విపరీతమైన విరేచనాలు పట్టుకోవచ్చు. పెద్ద వయసులో అది ప్రాణం మీదికి తేవచ్చు.

ఉదాహరణకు, నెల రోజులు దాటి క్యాథెటర్ (మూత్రం బయటికి పోవడానికి పెట్టే గొట్టం) ఉన్నవాళ్లలో దాదాపు అందరి మూత్రంలోనూ బ్యాక్టీరియా ఉంటుంది. లక్షణాలు లేకుండా వాళ్లకు కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయించడమే అనవసరం.

మూత్రం ముదురు రంగులో, వాసనగా ఉంటే ఇన్ఫెక్షనే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తరచుగా నీళ్లు తక్కువ తాగడమే దానికి కారణం. ప్రోస్టేట్ ఆపరేషన్ లాంటివాటికి ముందు మాత్రం లక్షణాలు లేకున్నా మందు ఇస్తారు. ఇక చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, ఉన్నట్టుండి మగత ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి.