ఫుట్‌బాల్ ప్రశ్నలు - జవాబులు: టోనీ క్రూస్ ఆటలో మన పిల్లలకు పనికొచ్చేదేమిటి?

మా అబ్బాయికి పదమూడేళ్లు. స్కూలు జట్టులో ఆడతాడు. కాలికి బంతి బాగానే అతుక్కుంటుంది గానీ పరుగు తక్కువ. పీటీ సారు డిఫెన్స్‌లో నిలబెట్టేద్దామంటున్నారు. వాడేమో జర్మనీ టోనీ క్రూస్‌లా మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడతానంటాడు. కుదిరే పనేనా?
- ఒక తండ్రి, గుణుపురం

కుదురుతుంది. సారుతో మరోసారి మాట్లాడండి. పరుగు తక్కువున్న పిల్లాణ్ని వెనక పెడితే ఎదుటి జట్టు వింగర్ (మైదానం అంచు వెంట దూసుకెళ్లేవాడు) ఒక్క బంతి ముందుకు తోసుకుని దాటిపోతాడు. అక్కడే వేగం ఎక్కువ కావాలి.

క్రూస్‌కు వేగం వల్ల ఏనాడూ పేరు రాలేదు. బంతి రాకముందే చుట్టూ చూసుకోవడం, ఒంటిని సగం తిప్పి నిలబడటం, పాస్‌కు సరిపడా బలం ఇవ్వడం: ఈ మూడింటితోనే పదిహేడేళ్లు పెద్ద మైదానాల్లో నెగ్గుకొచ్చాడు. 2024 యూరో (ఐరోపా దేశాల కప్పు) తొలి మ్యాచ్‌లో, 34 ఏళ్ల వయసులో, స్కాట్లాండ్ మీద 102 పాస్‌లు ఇస్తే 101 చేరాయి.

ఇంటి దగ్గర సాధన ఇలా చేయించండి. పది మీటర్ల చదరంలో నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి. మీ వాడు మధ్యలో, ఒకడు ముందు, ఒకడు వెనక. ముందువాడు బంతి కొట్టేలోగా వెనకవాడు చేతి వేళ్లు ఎత్తి చూపాలి. మీ వాడు భుజం మీదుగా తిరిగి చూసి, ఎన్ని వేళ్లో చెప్పి, ఆ తర్వాతే బంతి అందుకోవాలి. మొదటి తాకు దూరంగా ఉన్న కాలితో, పాదం లోపలి వైపుతో, బంతి పక్కకు తిరిగేలా. రెండో తాకుకే వెనకవాడికి పాస్. నాలుగు నిమిషాలు ఆడి, ఒక నిమిషం ఆగి, మళ్లీ నాలుగు. అలా నాలుగు విడతలు చాలు.

పిల్లలు తప్పేది ఎక్కువగా ఒకేచోట. బంతికి ఎదురుగా ఛాతీ పెట్టి, దగ్గరి కాలితో అరికాలి కింద ఆపేస్తారు. అక్కడ బంతి చచ్చిపోతుంది. తిరగడానికి మూడో తాకు, నాలుగో తాకు కావాలి, ఈలోగా ఎదుటివాడు మీద పడతాడు. పాస్ గాల్లోకి లేస్తోందంటే ఒళ్లు వెనక్కి వాలిందన్నమాట. ఆనుకున్న కాలు బంతి పక్కనే జానెడు దూరంలో ఉండాలి, ఆ కాలి బొటనవేలు పాస్ వెళ్లాల్సిన వైపు చూపాలి, కొట్టే కాలి చీలమండ బిగించి ఉండాలి. ఇది అలవడేదాకా వేగం మాట ఎత్తకండి.

క్రూస్ అంత గొప్పవాడైతే జర్మనీ క్లబ్ బయర్న్ మ్యూనిక్ ఎందుకు వదులుకుంది? అతను మొదటినుంచీ వెనక నుంచే ఆడేవాడా?
- డిగ్రీ విద్యార్థి, బరంపురం

లేదు, కుర్రతనంలో ముందుండి గోల్స్ చేయించేవాడు. 1990 జనవరి 4న గ్రైఫ్స్‌వాల్డ్‌లో పుట్టాడు. అప్పటికింకా అది తూర్పు జర్మనీ. హాన్సా రోస్టాక్ క్లబ్ నుంచి 2006లో బయర్న్ కుర్రాళ్ల జట్టుకు వెళ్లాడు. 2007 సెప్టెంబరులో కాట్‌బుస్ జట్టు మీద బుండెస్‌లిగాలో (జర్మనీ అగ్ర లీగ్) తొలిసారి దిగి, ఆడిన ఇరవై నిమిషాల లోపే తోటి ఆటగాడు క్లోజాకు రెండు గోల్స్ అందించాడు. అయినా స్థిరమైన చోటు దొరకలేదు. 2009 జనవరిలో లెవర్‌కూసెన్ క్లబ్‌కు అప్పుగా (కొంతకాలం ఆడి తిరిగొచ్చేలా) పంపారు. 2009-10లో అక్కడ లీగ్‌లో తొమ్మిది గోల్స్ కొట్టాడు. మా లెక్కలో అతని జీవితాన్ని తిప్పిన కాలం అదే. పెద్ద క్లబ్ బెంచీ మీద కూర్చోవడం కన్నా చిన్న క్లబ్‌లో ప్రతి వారం ఆడటం మేలని కుర్రాళ్లకు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే ఇవ్వండి.

బయర్న్‌తో జీతం దగ్గర బేరం తెగలేదు. ఒప్పందం ఒక్క ఏడాదే మిగిలింది. అందుకే 2014 జులైలో స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కు సుమారు 25 మిలియన్ యూరోలకే దొరికాడు. అప్పటికి కొద్దిరోజుల ముందే సెమీఫైనల్లో బ్రెజిల్ మీద 69 సెకన్లలో రెండు గోల్స్ కొట్టి, ప్రపంచకప్ కూడా గెలిచి ఉన్నాడు! మాడ్రిడ్‌లో అతని చోటు వెనక్కి జరిగింది. మధ్యలో కాసెమిరో కాపు కాస్తే, కుడివైపు మోడ్రిచ్, ఎడమవైపు క్రూస్. లెఫ్ట్ బ్యాక్ మార్సెలో ముందుకు పరిగెడితే ఆ ఖాళీలోకి క్రూస్ దిగి అక్కడి నుంచి ఆట నడిపేవాడు. అతని పాత మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి అతన్నే పది నిమిషాలు గమనించండి, తెలుస్తుంది.

ఐరోపా క్లబ్‌ల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ క్రూస్ ఎన్నిసార్లు గెలిచాడు?
- రాయగడ

ఆరు. 2013లో బయర్న్‌తో (గాయం వల్ల ఫైనల్ ఆడలేదు), తర్వాత మాడ్రిడ్‌తో 2016, 2017, 2018, 2022, 2024. జర్మనీకి 114 మ్యాచ్‌లు, 17 గోల్స్. 2021లో జాతీయ జట్టుకు సెలవు చెప్పి, 2024లో తిరిగొచ్చి, అదే ఏడాది జులై 5న స్పెయిన్ చేతిలో ఓడాక ఆట నుంచే తప్పుకున్నాడు.

2018 ప్రపంచకప్‌లో స్వీడన్ మీద క్రూస్ ఆఖర్లో కొట్టిన ఫ్రీకిక్ మా జట్టులో ఎవరికీ రావడం లేదు. ఎలా నేర్పాలి?
- కుర్రాళ్లకు ఆట నేర్పే ఒకరు, పర్లాకిమిడి

ఆ మ్యాచ్‌లో స్వీడన్ గోలుకు దారితీసింది క్రూస్ తప్పు పాసే. అయినా 95వ నిమిషంలో, జట్టు పదిమందితో ఆడుతుండగా, బంతి దగ్గరకు ధైర్యంగా వచ్చాడు చూడండి, అది పిల్లలకు తప్పక చెప్పండి.

కిటుకు కాలిలో కన్నా కోణంలో ఉంది. పెనాల్టీ బాక్సు ఎడమ అంచు నుంచి నేరుగా కొడితే గోడ (వరసగా నిలబడ్డ ఎదుటి ఆటగాళ్లు) అడ్డం. అందుకే క్రూస్ పక్కకు మెల్లగా తోశాడు, తోటి ఆటగాడు రాయిస్ అరికాలితో ఆపాడు, క్రూస్ అవతలి మూలకు వంచి కొట్టాడు. బంతి కాస్త పక్కకు జరిగేసరికి గోడ చాటు తప్పింది.

మీవాళ్లు తప్పేది బహుశా రెండు చోట్ల. ఒకటి, రెండోవాడు బంతిని నిజంగా తాకాలి. తాకకుండా మొదటివాడే మళ్లీ కొడితే రిఫరీ ఎదుటి జట్టుకు ఇండైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ చేయడానికి వీల్లేనిది) ఇస్తాడు. రెండు, రెండోవాడు బంతిని ఆపాక కాలు తీయడంలో ఆలస్యం. ముందు గోడ లేకుండా ఇరవైసార్లు తోయడం, ఆపడం, కొట్టడం చేయించండి. తర్వాతే ముగ్గుర్ని నిలబెట్టండి. కుడికాలితో కొట్టేవాడు బంతి కుడి సగం మీద, మధ్యకు కాస్త కిందగా, బొటనవేలి ఎముక దగ్గరి భాగంతో తగిలించాలి.

మా మైదానం ఎర్రమట్టి, కంకర. ఏ బూట్లు, ఏ బంతి?
- జయపురం

ఇనుప స్టడ్స్ (బూట్ల అడుగు గుబ్బలు) వద్దు. గట్టినేలలో దిగవు, మడమ నొప్పి, చీలమండ బెణుకు వస్తాయి. అడుగున చిన్న చిన్న రబ్బరు గుబ్బలున్న టర్ఫ్ బూట్లు కొనండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నాలుగో నంబరు బంతి, పైవాళ్లకు ఐదో నంబరు. నిబంధనల ప్రకారం గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చు. కంకర మీద 9 దగ్గర ఆపండి, లేకపోతే బంతి ఎగిరెగిరి పడి నేల పాస్ కుదరదు. గేజీ లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, కాస్త లోపలికి పోవాలి.