టెక్ సందేహాలు: ఫోనుండగా చిన్న కెమెరా ఎందుకు?

‘ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. ఫ్రెండ్స్ అందరం అరకు వెళ్తున్నాం. 15 వేల లోపు డిజిటల్ కెమెరా కొనాలని ఉంది. ఆన్‌లైన్‌లో 64 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్ అని ఒకటి ఐదారు వేలకే చూపిస్తోంది. అన్నయ్యేమో ఫోనుండగా ఎందుకు దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?’
ఓ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

ముందు ఆ 64 మెగాపిక్సెల్ కెమెరాని పక్కన పెట్టేయండి. అలాంటివాటి మీద నాకు నిజంగానే కోపం. పిల్లలు పాకెట్ మనీ దాచుకుని కొంటున్నది ఎక్కువగా వాటినే. పేరూ ఊరూ లేని ఈ కెమెరాల్లో చాలావాటికి అసలు జూమ్ లెన్సే ఉండదు. 16ఎక్స్ అన్నది డిజిటల్ జూమ్. అంటే తీసిన ఫొటోలో మధ్య ముక్క కత్తిరించి సాగదీస్తుంది, అంతే. ఆ పని ఫోన్‌లో రెండు వేళ్లతో మీరే చేసుకోవచ్చు. 64 అనే అంకె కూడా చాలాసార్లు అలాంటిదే. చిన్న సెన్సర్ (కాంతిని ఫొటోగా మార్చే చిప్) నిజంగా చూసిన చుక్కల మధ్య, చూడని చుక్కల్ని కల్పించి పెంచిన లెక్క. వివరాల్లో ఆప్టికల్ జూమ్ (లెన్సే కదిలి దూరాన్ని దగ్గర చేసేది) ఎంత, అపెర్చర్ (లెన్స్‌లోకి కాంతి వెళ్లే రంధ్రం) ఎంత, సెన్సర్ సైజు ఎంత అన్న మూడూ రాశారో లేదో చూడండి. ఒక్కటి లేకపోయినా ఆ పేజీ మూసేయండి.

ఇక అన్నయ్య మాట. అందులో సగం నిజం. తక్కువ ధర చిన్న కెమెరాల్లో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్. దాని వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోన్ల మెయిన్ కెమెరాల్లో వస్తున్న 1/1.3 అంగుళాల సెన్సర్ దాదాపు 70 దాకా ఉంటుంది. పైగా ఫోన్ మనం ఒక్కసారి నొక్కితే ఎన్నో ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక్క ఫొటో చేస్తుంది. అందుకే బొర్రా గుహల్లోకి దిగాక ఆ రంగు లైట్ల వెలుతురులో మీ కొత్త కెమెరా ఫొటోలు గింజలు గింజలుగా వస్తాయి, ఫోన్ ఫొటోలే బాగుంటాయి. చాలామంది డబ్బు పెట్టాక నిరాశ పడేది ఇక్కడే, కాబట్టి ముందే చెబుతున్నాను.

మిగతా సగం అన్నయ్యకి తెలియదు. కైలాసగిరి మీద నిలబడి, దూరంగా సముద్రంలో లంగరేసిన ఓడని మామూలు ఫోన్‌తో జూమ్ చేసి చూడండి. వాటర్ కలర్ పూసినట్టు వస్తుంది. కానన్ ఐక్సస్ 285 హెచ్‌ఎస్‌లో 12ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉంది. ఓడ మీద క్రేన్లు విడివిడిగా కనిపిస్తాయి. 2016 మోడలే అయినా, 147 గ్రాములే. జీన్స్ జేబులో పడితే ఉన్నట్టే తెలియదు. రెండో లాభం ఫ్లాష్. ఫోన్‌లో ఉండేది ఎల్‌ఈడీ, అది టార్చిలైటు లాంటిది. ఈ కెమెరాల్లోది జీనాన్ ఫ్లాష్, కన్ను మూసి తెరిచేలోపు భగ్గున వెలిగి ఆరిపోతుంది, కదిలే మనిషి కూడా కదలకుండా దొరుకుతాడు. మీ వయసువాళ్లు ముచ్చటపడుతున్న ఆ పాత ఆల్బమ్ లుక్ చాలావరకు ఈ ఫ్లాష్ వల్ల వచ్చేదే.

ఒక లోటు కూడా చెప్పాలి. జూమ్ చివరిదాకా లాగితే ఐక్సస్ అపెర్చర్ ఎఫ్/7కి పడిపోతుంది, అంటే లోపలికి వచ్చే కాంతి బాగా తగ్గిపోతుంది. ఎండ బాగా ఉంటేనే ఆ దూరపు ఫొటో పనికొస్తుంది, సాయంత్రం ఆరు దాటాక ఆశలు పెట్టుకోవద్దు. ఇప్పటి మోజు వల్ల దానికి అసలు కంటే ఎక్కువ చెబుతున్న అమ్మకందారులూ ఉన్నారు. బడ్జెట్ దాటితే కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45 చూడండి. జూమ్ 4ఎక్సే గాని, మామూలు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. అరకు దారిలో చార్జ్ అయిపోయినా కిరాణా కొట్టులో బ్యాటరీలు దొరుకుతాయి. రోజూ వాడకానికి రీచార్జబుల్ ఏఏలు కొనుక్కుంటే మేలు. పేరు కొడాక్‌దే అయినా, లైసెన్స్ తీసుకుని తయారు చేసేది జేకే ఇమేజింగ్ అనే వేరే కంపెనీ. అది తప్పేం కాదు, తెలిసి కొనండి.

డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. మీ ఫోన్ గ్యాలరీలో బాగా రాని ఫొటోలు ఓ యాభై తీయండి. దూరం వల్ల చెడినవి ఎక్కువా, చీకటి వల్ల చెడినవి ఎక్కువా? దూరమైతే ఆప్టికల్ జూమ్ ఉన్న చిన్న కెమెరా కొనండి. చీకటైతే ఆ 15 వేలు ఇంకొన్నాళ్లు దాచుకోండి.

‘స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. మనవలిద్దరూ ఇల్లంతా పరుగులే. ఫోన్ టచ్ స్క్రీన్ మీద నా వేలు సరిగా ఆనదు. బటన్ ఉన్న కెమెరా కావాలి. డబ్బు గురించి పెద్ద టెన్షన్ లేదు. కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3, సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 అని షాపులో రెండు పేర్లు చెప్పారు.’
ఓ తాతగారు, గాజువాక

రెండూ 2019లో వచ్చినవే, రెండూ దాదాపు 300 గ్రాములే. వీటిలో ఉన్నది ఒక అంగుళం సెన్సర్. పేరే అది గాని కొలిస్తే 13.2 మి.మీ. పొడవు, 8.8 మి.మీ. వెడల్పు. పాతకాలపు వీడియో కెమెరాల్లోని ట్యూబుల లెక్క నుంచి వచ్చిన పేరది. అయినా పైన చెప్పిన చిన్న కెమెరాల సెన్సర్‌కి ఇది నాలుగింతలు.

మీ పని ఇంట్లో, ట్యూబులైటు వెలుతురులో. అక్కడ లెన్స్ ముఖ్యం. కానన్ ఎఫ్/1.8తో మొదలవుతుంది, సోనీ ఎఫ్/2.8తో. అంకె తక్కువైతే కాంతి ఎక్కువ. ఈ రెండింటి తేడా దాదాపు రెండున్నర రెట్లు. అయితే పరుగెత్తే పిల్లాడి మొహాన్ని వెంటాడి పట్టుకోవడంలో సోనీ ఆటోఫోకస్ ముందు కానన్ నిలవదు. సోనీలో కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ కూడా ఉంది, ఆర్కే బీచ్‌లో ఎండకి స్క్రీన్ కనిపించనప్పుడు దాని విలువ తెలుస్తుంది. కానన్‌లో అది లేదు.

షాపువాళ్లు చెప్పని మూడోది ఉంది, సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 5ఏ. లెన్స్ ఎఫ్/1.8 నుంచి 2.8, ఆటోఫోకస్ వేగమైనది, వ్యూఫైండర్ ఉంది. టచ్ స్క్రీన్ అసలు లేదు, అన్నీ బటన్లే. జూమ్ మాత్రం మూడింతలకి కొంచెం తక్కువ, హాల్లో ఆడుకునే మనవలకి అది చాలు. వారంటీ కార్డుతో దొరికితే నేనైతే దాన్నే తీసుకోమంటాను. దొరక్కపోతే మార్క్ 7. ఏది కొన్నా బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ లేకుండా బయటి దేశాల నుంచి తెచ్చి అమ్మేవి పదో పాతికో తక్కువకి వచ్చినా, లెన్స్ మోటారు పోయిన రోజున ఏడవాల్సొస్తుంది.

‘బీరువాలో 2005 నాటి కెమెరా దొరికింది. 16 జీబీ కార్డు కొని పెడితే ‘కార్డ్ ఎర్రర్’ అంటోంది. పాడైందా?’
ఓ పాఠకుడు, భీమిలి

పాడవలేదు. 4 జీబీ నుంచి 32 జీబీ దాకా వచ్చే ఎస్‌డీహెచ్‌సీ అనే కార్డుల పద్ధతి 2006లో వచ్చింది. మీ కెమెరాకి అదేమిటో తెలియదు. 2 జీబీ లేదా 1 జీబీ మామూలు ఎస్‌డీ కార్డు సంపాదించి, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం చార్జింగ్ పెట్టొద్దు.

‘రుషికొండలో నీళ్లలో ఆడుతూ ఫొటోలు తీయాలి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి కమ్ముకుంటోంది. ఏం చేయాలి?’
ఓ పాఠకురాలు, సీతమ్మధార

నీళ్లకైతే ఓఎం సిస్టమ్ టీజీ-7. 15 మీటర్ల లోతు దాకా తడవదు, జూమ్ లెన్స్ బయటికి పొడుచుకు రాదు కాబట్టి ఇసుక దూరే సందూ లేదు. మామూలు చిన్న కెమెరాలు ఇసుకలో చనిపోయేది ఆ సందులోంచే. ఇంటికొచ్చాక మంచినీళ్లలో కాసేపు నానబెట్టి ఆరబెట్టండి, ఉప్పు మిగిలితే రబ్బరు సీళ్లు పాడవుతాయి.

ఆవిరికి మందు ఓపికే. కారు దిగే ముందే కెమెరాని జిప్ కవరులో పెట్టి బిగించి, దిగాక పావుగంట ఆ కవరులోనే బయటి వేడికి అలవాటు కానివ్వండి. చల్లని లెన్స్‌ని గుడ్డతో తుడిచినా మళ్లీ కమ్ముకుంటుంది.

అసలు మన విశాఖ తేమగాలి ఫొటోలు తీసేటప్పటి కంటే, కెమెరా దాచేటప్పుడే ఎక్కువ చేటు చేస్తుంది. మా నాన్నగారి కెమెరాని లెదర్ కవరులో పెట్టి బీరువాలో భద్రంగా దాచాను. రెండు వానాకాలాలు గడిచి తీసి చూస్తే లెన్స్ లోపల సాలెగూడులా ఫంగస్. రిపేరు షాపులో తుడిచారు గాని, గాజు పూత మీద మచ్చలు ఉండిపోయాయి. ఇప్పటికీ ఆ కెమెరా చూస్తే మనసు చివుక్కుమంటుంది. లెదర్ తేమని పట్టి ఉంచుతుంది, అందులో దాచొద్దు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. రంగు మారే రకం కొంటే, గుళికల రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.