తెలియనివాళ్ళని చూసి నవ్వడం కొన్ని దేశాల్లో మామూలు, కొన్ని దేశాల్లో వింత, ఎందుకలా?

రష్యా వాళ్ళు అసలు నవ్వరు అని చాలామంది అనుకుంటారు గానీ అది కరెక్ట్ కాదండి. ఇంట్లో, ఫ్రెండ్స్ మధ్య బాగానే నవ్వుతారు, కాకపోతే అక్కడ నవ్వు తెలిసినవాళ్ళ కోసం, నిజంగా సంతోషం వేసినప్పుడు. కారణం లేకుండా నవ్వేవాడికి తెలివి తక్కువని అక్కడ సామెతే ఉంది, అందుకే మెట్రోలో ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూసి మీరు నవ్వితే వీడికి నాతో ఏం పని అన్నట్టు చూస్తారు. 2018 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి ముందైతే రైల్వే స్టాఫ్‌కి విదేశీయుల్ని చూసి నవ్వమని ట్రైనింగ్ కూడా ఇచ్చారు.

అమెరికాలో రివర్స్. ఫుట్‌పాత్ మీద కళ్ళు కలిస్తే పెదాలు బిగించి చిన్న నవ్వు నవ్వి తల ఊపి వెళ్ళిపోతారు, అంతే, స్నేహం అనుకోకూడదు. 2015లో వచ్చిన ఒక రీసెర్చ్ ఏం చెప్తుందంటే, గత 500 ఏళ్ళలో చాలా దేశాల నుంచి జనం వలస వచ్చి కలిసిన చోట ఇలా నవ్వడం ఎక్కువట, ఒకరి భాష ఒకరికి రానప్పుడు నా వల్ల నీకు భయం లేదు అని చెప్పడానికి మొహమే దిక్కు కదా. నాకైతే ఇదే సబబుగా అనిపిస్తుంది.

జపాన్‌లో ఇబ్బందిని దాచుకోడానికి కూడా నవ్వుతారు, కాబట్టి నవ్వారంటే ఒప్పుకున్నట్టే అని ఫిక్స్ అయిపోవద్దు.