‘కమ్ బై’ అంటే ‘దగ్గరికి రా’ కాదు

బ్రిటన్‌లో ఒక కాపరి గొర్రెల మందను తోలే కుక్కకు ఆజ్ఞలిస్తున్న వీడియో చూసి, ‘కమ్ బై’ అన్న ఒకే మాటకు రెండు అర్థాలున్నాయా అని మీరు అడిగారు. ‘కమ్ బై’, ‘అవే టు మీ’ అనే ఆజ్ఞలను మాటకు మాట అర్థం చేసుకోవడం వల్లే మీకు తికమక. కుక్కకు వాటి అర్థాలు ఇవి.

1. కమ్ బై: మంద చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్లు.
2. అవే టు మీ: దానికి ఎదురు దిశలో వెళ్లు.

చాలామంది తడబడేది ఇక్కడే. ఇవి కాపరి కుడి ఎడమలు కావు. గడియారం మధ్యలో మంద ఉన్నట్టు పైనుంచి ఊహించుకోండి. కుక్క కాపరి పక్కనుంటే ‘కమ్ బై’ అనగానే అతని ఎడమకు పరుగెడుతుంది. మందకు అవతల ఉంటే అదే కేకకు అతని కుడివైపు వస్తుంది. అందుకే ఒకే మాటకు రెండు అర్థాలున్నట్టు మీకు అనిపించింది. వీడియో ఆపి, ముందు కుక్క ఎక్కడుందో చూడండి.

3. వాక్ అప్: నేరుగా మంద వైపు నడువు.
4. దట్ల్ డూ: పని ఆపి నా దగ్గరికి రా.