మన బడికి సర్వర్ పెడతానంటున్న అమ్మాయికి

అమ్మాయ్,

బడి కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడిగా ఫైళ్లు దాచే సర్వర్ కోసం నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. మీ టెన్త్ బ్యాచ్ అంతా కలిసి డబ్బులు పోగేసి బడికి ఏదైనా చేద్దామనుకోవడం, అందులోనూ కంప్యూటర్ గదిని గుర్తుపెట్టుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ ఆ రాక్‌లో బిగించే పెద్ద సర్వర్, రెండు పవర్ సప్లైలు, ఒక డిస్కు పోయినా డేటా పోకుండా నాలుగు డిస్కుల్ని కలిపే రెయిడ్, ఒకే మెషీన్లో చాలా కంప్యూటర్లున్నట్టు నడిపే వర్చువల్ మెషీన్లు, ఇవేవీ వద్దు తల్లీ. మీ ఆఫీసులో ఏసీ గది ఉంటుంది, అర్ధరాత్రి అలారం మోగితే లేచి చూసే మనిషి ఉంటాడు. మన బడికి సాయంత్రం నాలుగున్నరకి తాళం పడుతుంది.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఇది ఒకసారి చూశాను. నేను ఇంతకుముందు పనిచేసిన బడికి ఒక కంపెనీ వాళ్లు పాత రాక్ సర్వర్ ఇచ్చారు. ఫ్యాన్ల చప్పుడు ఎంతంటే పక్క క్లాసులో పాఠం వినపడేది కాదు. నేను రాత్రుళ్లు కూర్చుని నేర్చుకుని అన్నీ సెట్ చేశాను, బాగా నడిచింది కూడా. తర్వాత నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వేసవిలో ఏదో పాడైంది, పాస్‌వర్డు నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు, వాళ్లు ఫోన్ చేసినా దూరం నుంచి నేను చేయగలిగింది లేదు. రెండేళ్లు ఆ ల్యాబ్ మూసే ఉంది. ఆ పిల్లలు కంప్యూటర్ ముట్టుకోకుండానే టెన్త్ దాటిపోయారు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే ఏ బడికి ఏది పెట్టినా నేను అడిగేది ఒకటే, మనం లేని రోజున ఇది ఆగిపోతే మళ్లీ ఎవరు నడుపుతారు?

ముందు మన సర్వర్ ఏం చేయాలో తేల్చుకో. ఇరవై కంప్యూటర్ల గదికి రెండే పనులు చాలు. పిల్లలు చేసిన పని దాచుకోవడం, ఇంటర్నెట్ లేనప్పుడు కూడా చదువుకోడానికి ఒక లైబ్రరీ. హాజరు, మార్కులు, మధ్యాహ్న భోజనం లెక్కలు దీంట్లో పెట్టకు, వాటికి ప్రభుత్వం యాప్‌లు టీచర్ల ఫోన్లలోనే ఉన్నాయి.

లైబ్రరీకి కివిక్స్ పెట్టు. వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చూపిస్తుంది. బొమ్మలతో సహా ఇంగ్లీషుది 100 జీబీ చుట్టూ ఉంటుంది, 2003లో మొదలైన మన తెలుగుది దానితో పోలిస్తే చాలా చిన్నది, రెండూ పెట్టు. వీడియో పాఠాలు, లెక్కల అభ్యాసాలకి కోలిబ్రి ఉంది, అదీ ఇలాంటి నెట్ లేని బడుల కోసమే తయారుచేశారు. ఏ కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచినా మొదట ఈ సర్వర్ పేజీయే రావాలి, పిల్లలు అడ్రసు టైపు చేయనక్కర్లేకుండా.

అన్ని కంప్యూటర్లనీ సర్వర్ నుంచే బూట్ చేద్దామని, అంటే ఆన్ చేయగానే అవి సర్వర్ లోంచే మొదలయ్యేలా పెడదామని, దానికి ఎల్‌టీఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్ వాడదామని రాశావు. మంచి ఐడియానే, 1999లో అది మొదలైనప్పుడు పాత బలహీనమైన మెషీన్లకి ప్రాణం పోసింది. కానీ సర్వర్ పడుకుంటే గదంతా పడుకుంటుంది. ఇరవైమంది పిల్లలు నల్ల స్క్రీన్ల ముందు కూర్చునే పీరియడ్ నాకొద్దు. ప్రతి కంప్యూటరూ తనంతట తాను నడవాలి, సర్వర్ అంటే గదిలో ఉండే బీరువాలాంటిది, బీరువా తెరుచుకోకపోయినా ఆరోజు క్లాసు ఆగకూడదు. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్ చదువు ప్రాజెక్టు ఐటీ@స్కూల్ వాళ్లు 2001 నుంచి ఇంత పెద్ద పని చేయగలిగారంటే, విండోస్ బదులు ఉచిత లినక్స్ వాడటం ఒక కారణం, మామూలు టీచర్లకే ఓపిగ్గా ట్రైనింగ్ ఇవ్వడం అంతకన్నా పెద్ద కారణమని నా నమ్మకం.

ఇక పెట్టె. పుస్తకమంత చిన్న పీసీ కొను, వీలైతే ఫ్యాన్ లేనిది, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఫ్యాన్ ఉంటే సుద్దముక్కల దుమ్ము లోపలికి లాగుతుంది, సందులు పెద్దవైతే బల్లులు దూరి సర్క్యూట్ మీద చచ్చిపోతాయి, నా చేత్తో రెండుసార్లు తీశాను. ఇలాంటి పెట్టెకి 10 వాట్ల చుట్టూ చాలు, రాత్రింబవళ్లు నడిచినా నెలకి 7 యూనిట్లు. 150 వాట్లు తాగే రాక్ సర్వర్ అయితే 108 యూనిట్లు, ఆ బిల్లు చూసి హెడ్మాస్టరు ఆపేయమంటే తప్పు ఆయనది కాదు. అరచేతిలో పట్టే కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై ఇంకా చవక కదా అంటావేమో, మెమరీ కార్డు మీద నడిపితే మాత్రం వద్దు, కార్డులోకి రాస్తుండగా కరెంటు పోయిందంటే ఏదో ఒకరోజు అది ఇక లేవదు. ఆ రెయిడ్ డబ్బుతో ఇలాంటి పెట్టెలే రెండు కొను. ఒకటి ల్యాబ్‌లో, రెండోది హెడ్మాస్టరు గదిలో, మొదటిదాని కాపీ రోజూ తీసుకుంటూ. ఒకటి పోతే రెండోది తెచ్చి అదే తీగలు పెట్టాలి, అంతే.

కరెంటు గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బడి సర్వర్లు చచ్చేది ఇక్కడే. ఒకసారి నేను రాత్రి రెండింటికి బ్యాకప్ పెట్టాను, మూడు నెలల తర్వాత చూస్తే ఒక్కరోజూ జరగలేదు. అటెండర్ సాయంత్రం మెయిన్ ఆపి వెళ్తాడు, అది అతని డ్యూటీ, అలా చేయకపోతేనే తప్పు. కాబట్టి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి ఈ రెండు పెట్టెలకీ, కంప్యూటర్లని తీగలతో కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కీ వేరే లైను లాగించు, దాని మీద "ఆపవద్దు" అని తెలుగులో పెద్దగా రాయించు. అయినా ఎవరో ఒకరు ఆపుతారు, కాబట్టి బ్యాకప్ మధ్యాహ్నం భోజనాల టైముకి పెట్టు. ఆన్ కాగానే మొదట నడిచే బయాస్ అనే ప్రోగ్రాంలో కరెంటు పోయి వస్తే ఏం చేయాలి అనే సెట్టింగ్ ఉంటుంది చూడు, అక్కడ "ఎప్పుడూ ఆన్" అనే దాన్నే ఎంచుకో, "ఇంతకుముందు ఎలా ఉంటే అలా" అన్నది పెడితే ఎవరైనా పద్ధతిగా షట్‌డౌన్ చేసి వెళ్లాక మర్నాడు అది లేవదు.

ఇంకొకటి, పెట్టె లోపల మదర్‌బోర్డు మీద ఉండే బొత్తాం బ్యాటరీ, సీఆర్2032. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, పెట్టిన సెట్టింగులు పోతాయి, కొన్ని మెషీన్లు ఎఫ్1 నొక్కమని అడుగుతూ అక్కడే ఆగిపోతాయి. సర్వర్‌కి మానిటరూ కీబోర్డూ ఉండవు కాబట్టి అది ఎందుకు లేవడం లేదో ఎవరికీ తెలియదు, పాడైందనుకుని మూల పడేస్తారు. చిన్న బ్యాటరీ కోసం!

యూపీఎస్ చిన్నది చాలు. బ్యాటరీ పూర్తిగా అయిపోయాక కరెంటు వస్తే తనంతట తాను ఆన్ అవుతుందా అని షాపులోనే అడుగు, కొన్ని చవకవి అవ్వవు, ఎవరో బటన్ నొక్కేదాకా కూర్చుంటాయి. మన ఎండలకి ఆ బ్యాటరీ రెండు మూడేళ్లకి మించి ఉండదు, మార్చే తేదీ దాని మీదే మార్కర్‌తో రాసిపెట్టు. ఎర్తింగ్ చూపించు. వేసవి సెలవుల్లో మాత్రం షట్‌డౌన్ చేసి ప్లగ్గులన్నీ పీకేయాలి, బయట నుంచి నెట్ వచ్చేది రాగి తీగ అయితే అదీ పీకేయాలి, మే నెల ఉరుములప్పుడు పిడుగు పడితే ఆ తీగ పట్టుకునే లోపలికి వస్తుంది.

లోపల డెబియన్ అనే ఉచిత లినక్స్ వేసి ఊరుకో. ఒక వెర్షన్‌కి మామూలుగా మూడేళ్లు, ఆ తర్వాత ఇంకో రెండేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అవి వాటంతట అవే పడేలా పెట్టు. నీకు తెలిసిన కొత్త టూల్స్ అన్నీ ఇందులో చూపించాలని ఉంటుంది, ఆగు. పిల్లలకి ఒక్కొక్కరికీ అకౌంట్లు వద్దు, ఆరో తరగతి పాప పాస్‌వర్డు మర్చిపోతే మార్చేవాళ్లెవరు? సెక్షన్‌కి ఒక ఫోల్డర్, ఒక్కోదానికి 10 జీబీ హద్దు. ఒకరి ఫైలు ఇంకొకరు చెరిపేస్తారు, నిజమే, అందుకే రోజువారీ కాపీలు నెలరోజులవి ఉంచు. ఆ హద్దు పెట్టడం మర్చిపోకు, ఎవరో పెన్‌డ్రైవ్‌లో సినిమాలు తెస్తారు, డిస్కు నిండుతుంది, నిండాక ఎవరి పనీ సేవ్ కాదు.

చివరికి కాగితం పని. రెండు పెట్టెలూ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించు, ఎక్కకపోతే రేపు కొత్త హెడ్మాస్టరు వచ్చాక అవి ఎవరివో ఎవరూ చెప్పలేరు. పాస్‌వర్డు కవర్‌లో పెట్టి సీలు వేసి ఆఫీసు బీరువాలో ఉంచు. ఏ లైటు వెలిగితే బాగున్నట్టు, వెలగకపోతే ఏ తీగ ఎక్కడ పెట్టాలి అని ఫొటోలతో ఒక్క పేజీ తెలుగులో రాసి లామినేషన్ చేయించి గోడకి తగిలించు.

పెట్టిన రోజే వెళ్లిపోకు. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురిని, అటెండర్‌ని పిలువు, టెన్త్ వాళ్లు వద్దు, వాళ్లు మార్చికి పరీక్షలు రాసి వెళ్లిపోతారు. నువ్వే ప్లగ్ పీకెయ్. తీగలన్నీ ఊడదీసి బల్ల మీద పడేసి, గోడమీద కాగితం చూసి రెండో పెట్టెతో నడపమని చెప్పి బయట వేపచెట్టు కింద కూర్చో. మధ్యలో లోపలికి వెళ్లి సాయం చేయొద్దు. వాళ్లు ఎక్కడ ఆగిపోతే ఆ వాక్యం మళ్లీ రాయాలి.

సంక్రాంతికి వస్తావు కదా, సెలవులు మొదలవకముందే ఒక రెండు రోజులు ఉండేట్టు రా, పిల్లలు ఉంటారు. ఆ బొత్తాం బ్యాటరీలు ఒక పాతిక పట్టుకురా, ల్యాబ్ కంప్యూటర్లన్నిటికీ మార్చేద్దాం. స్క్రూడ్రైవర్లు నా దగ్గరున్నాయి.

ఆశీస్సులతో,
మీ సైన్సు మాస్టారు